మెహర్ ఎగరనన్న ఉదయం

అహ్మద్ పాషా ఇరవై రెండేళ్లపాటు భద్రాచలం నుంచి చర్లకు ఒక ప్రైవేటు బస్సు నడిపాడు. చర్ల జూనియర్ కాలేజీలో లెక్కలు చెప్పిన తొమ్మిదేళ్లూ నేను ఆ బస్సులోనే వెళ్లి వచ్చాను. డ్రైవరు వెనక సీటు నాది. వానాకాలంలో రోడ్డు కోసుకుపోయినా, నక్సలైట్ల కోసం పెట్టిన క్యాంపు దగ్గర పోలీసులు అందరినీ దింపి సంచులు వెతికినా ఆయన గొంతు పెంచగా నేను వినలేదు. నేనిప్పుడు చెప్పబోయేది ఆయన కూతురు మెహర్ గురించి. విమానం నడిపే అమ్మాయి అని ఊళ్లో అందరికీ తెలుసు. ఒకరోజు నడపనని చెప్పిందని తెలిసినవాళ్లు తక్కువ.

మెహర్ ఇంటర్‌లో ఉన్నప్పుడు సాయంత్రాలు మా ఇంటికి లెక్కలకు వచ్చేది. తల్లి జహీదా ఇంట్లోనే జాకెట్లు కుట్టేది. పైలట్ కావాలన్న కోరిక ఈ పిల్లకు ఎక్కడ పుట్టిందో నాకిప్పటికీ తెలియదు. అడిగితే, "ఏమో మేడమ్, బస్సుల మా అబ్బా పక్కన బానెట్ మీద కూసొని పోయేదాన్ని గదా, గట్లనే వచ్చిందేమో" అని నవ్వేది. ప్రభుత్వ సాయం కొంత, మేనమామ అజారుద్దీన్ ఆసరా కొంత కలిసివచ్చి హైదరాబాద్‌లో శిక్షణ పూర్తి చేసింది. ఇరవై మూడో ఏట లైసెన్సు చేతికొచ్చింది.

ఉద్యోగం మాత్రం రాలేదు. ఏ కంపెనీ గుమ్మం తొక్కినా ఎన్ని గంటలు ఎగిరిన అనుభవం ఉందని అడిగారు. ఎగరనిస్తే కదా అనుభవం. మూడేళ్లు ఇంట్లోనే ఉంది. మా ఇంటి వరండాలో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యూషన్ చెప్పింది. పాల దుకాణం దగ్గర ఎవరో ఒకరు ఆపి, "ఏం బిడ్డా, విమానం ఎప్పుడు తోలుతవ్?" అనేవారు. ఆ మూడేళ్లలో ఆమె మాట్లాడే మాటలు తగ్గాయి. పాషా కూతురిని ఏమీ అనలేదు. జహీదా మాత్రం యూనిఫాం తెల్లచొక్కాను నెలకోసారి ఉతికి, ఇస్త్రీ చేసి, మళ్లీ బీరువాలో పెట్టేది.

చివరికి ఒక చిన్న కంపెనీ పిలిచింది. మొత్తం మూడు విమానాలు. డెబ్బైమంది పట్టే, రెక్కలకు పంకాలు తిరిగే రకం. పెద్ద కంపెనీలు పోని చిన్న ఊళ్లకు హైదరాబాద్ నుంచి తిప్పేవారు. మెహర్ ఎక్కువగా వెళ్లింది జగదల్‌పూర్‌కు. గంట ప్రయాణం. ఏటూరునాగారం దగ్గర గోదావరి దాటాక కింద అంతా అడవే. ఆకాశం తేటగా ఉన్న రోజు కుడివైపు కిటికీలోంచి చూస్తే దూరంగా నది వంపు కనిపిస్తుందని, ఆ వంపు తర్వాత ఎక్కడో చర్ల రోడ్డు ఉంటుందని ఒకసారి నాకు ఫోన్ చేసి చెప్పింది. మూడేళ్ల తర్వాత ఆ గొంతులో సంతోషం విన్నాను.

విమానంలో ఎడమ సీటు కెప్టెన్‌ది, కుడి సీటు కో-పైలట్‌ది. మెహర్ కుడి సీటులో కూర్చుంటే ఎడమ సీటులో ఎక్కువ రోజులు వెంకటరామారావు ఉండేవాడు. వాళ్ల పెద్దలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి సత్తుపల్లి దగ్గర పొలాలు కొని స్థిరపడ్డారు. అరవై నాలుగేళ్ల మనిషి. మెహర్ చేసే ప్రతి చిన్న పనినీ గమనించేవాడు కానీ అందరి ముందూ తప్పు పట్టేవాడు కాదు. దిగాక మెట్ల దగ్గర ఆగి, "ఇవాళ గాలి తోసినప్పుడు కాస్త కంగారుపడ్డావమ్మా" అనేవాడు. అంతే.

మెహర్ చేరినప్పుడు కంపెనీలో తొమ్మిదిమంది కెప్టెన్లు ఉన్నారు. నాలుగేళ్లలో నలుగురు మిగిలారు. దేశంలో పెద్ద కంపెనీలు వందల విమానాలకు ఆర్డర్లు పెట్టాయి. వాటికి మనుషులు కావాలి. చిన్న కంపెనీలో పని నేర్చినవాడికి పెద్ద విమానం, రెట్టింపు జీతం, విదేశీ రూట్లు ఇస్తామంటే ఎవరు మాత్రం ఆగుతారు? వెళ్లినవాళ్లను మెహర్ తప్పు పట్టలేదు. ప్రతిసారీ కేకు కోసి పంపించింది. వాళ్లు చేసే పని మాత్రం మిగిలినవాళ్ల మీద పడింది. సెలవు రోజున ఫోన్ మోగేది. తెల్లవారుజామున నాలుగింటికి లేవాల్సిన డ్యూటీలు వరసగా పడేవి. కాగితం మీద అంతా నిబంధనల ప్రకారమే ఉండేది. ఎన్ని గంటలు ఎగరవచ్చో, ఎన్ని గంటలు విశ్రాంతో, గీత ఎక్కడా దాటలేదు. గీతకు ఆనుకునే నడిచేవారు.

రెండేళ్ల కిందట శీతాకాలంలో అలా ఆరు రోజులు వరసగా తెల్లవారుజాము డ్యూటీలు పడ్డాయి. ఆరో రోజు సాయంత్రం నాలుగింటికి జగదల్‌పూర్‌లో దిగుతున్నారు. విమానం మెహర్ చేతిలో ఉంది. ఆరున్నర వేల అడుగులకు దిగమని కింది నుంచి చెప్పారు. మెహర్ నోటితో ఆరున్నర అంది. విమానం ఏ ఎత్తుకు దిగాలో పెట్టే మీటను చేత్తో నాలుగున్నరకు తిప్పింది. చుట్టూ కొండలున్న చోటు అది.

కొంచెం ఆగి వెంకటరామారావు, "మెహర్, ఆరున్నర" అన్నాడు. అంటూనే చెయ్యి చాచి తానే అంకె మార్చాడు. విమానం ఎప్పటిలాగే దిగింది. ప్రయాణికులు సంచులు తీసుకుని వెళ్లిపోయారు. ఎవరికీ ఏమీ తెలియదు. ఇద్దరూ కారులో హోటల్‌కు వెళ్లారు. మర్నాడు ఉదయం ఏడున్నరకు మళ్లీ హైదరాబాద్‌కు బయల్దేరాలి.

ఆ రాత్రి మెహర్‌కు నిద్ర పట్టలేదు. ఐదింటికి లేచి మొహం కడుక్కుని, హైదరాబాద్‌లో డ్యూటీలు వేసే రాజ్యశ్రీకి ఫోన్ చేసింది.

"రాజ్యశ్రీ, నేను ఇయ్యాల ఎగరలేను. అలసట అని రాసుకో."

"మెహర్, ప్లీజ్. అరవై ఒక్క మంది ఉన్నరు. నీ ప్లేసుల పంపనీకి నా దగ్గర ఎవ్వరు లేరు. జ్వరమా?"

"జ్వరం లేదు."

"మరి ఏందే? ఒక్క గంట ఫ్లైటే గదా. హైదరాబాద్ వచ్చి పండుకో. రెండు రోజులు లీవ్ నేనే ఇప్పిస్త."

ఆ ఒక్క గంటే తనకు భయంగా ఉందని మెహర్ చెప్పింది. నిన్నటి అంకె సంగతి కూడా చెప్పింది. రాజ్యశ్రీ గొంతు మారింది. "సరే, రాస్త. కానీ పైవాళ్లు నిన్ను ఊకోరు, తెలుసు గదా" అంది.

ఫోన్ పెట్టేసి మెహర్ వెంకటరామారావు గది తలుపు తట్టింది. ఆయన అప్పటికే యూనిఫాంలో ఉన్నాడు. విషయం చెప్పింది. తిడతాడనుకుంది. ఆయన మంచం అంచున కూర్చుని బూట్లు విప్పాడు.

"నువ్వు చెప్పకపోతే నేను చెప్పాల్సిందమ్మా" అన్నాడు. "నిన్న నువ్వు తిప్పిన అంకె నాకు కనబడుతూనే ఉంది. నాలుగైదు సెకన్లు చూస్తూనే ఉన్నాను. అది తప్పని బుర్రకెక్కలేదు. ముప్పై ఆరేళ్ల సర్వీసు నాది. ఒక్కసారి కూడా అలసిపోయానని చెప్పలేదు. నేను మానేస్తే ఇంకొకడు లేడు కదా అని చెప్పలేదు. అది గొప్పనుకున్నాను."

తర్వాత మెహర్ హోటల్లోనే ఉండిపోవచ్చు. విమానాశ్రయానికి వెళ్లాల్సిన అవసరం లేదు. వెళ్లింది. ఎందుకని నేను అడిగితే, "పోకపోతే దాక్కున్నట్టు ఉంటుండె మేడమ్" అంది.

చిన్న టెర్మినల్. సాంకేతిక కారణాల వల్ల విమానం రద్దయిందని బోర్డు మీద వేశారు. జనం కౌంటర్ చుట్టూ మూగి అరుస్తున్నారు. ఒక మూల కుర్చీలో అరవై ఏళ్లావిడ కూర్చుని ఉంది. ఒక కంటికి పచ్చటి గుడ్డ కట్టు. మెహర్ యూనిఫాం చూసి ఆమే తెలుగులో పిలిచింది. ఆమె పేరు పున్నమ్మ. మధిర వైపు మనిషి, భర్త మిర్చి వ్యాపారం మీద ముప్పై ఏళ్ల కిందట జగదల్‌పూర్ వచ్చి అక్కడే ఉండిపోయారు.

"ఏమ్మా, విమానం పాడైందంట కదా. బాగుచెయ్యడానికి ఎంతసేపు పడుద్ది? నా కంట్లో తెర ఊడిపోయిందమ్మా. సాయంత్రం హైదరాబాద్‌లో ఆపరేషన్ పెట్టారు."

మెహర్ ఆమె ముందు మోకాళ్ల మీద కూర్చుంది. "విమానం బానే ఉందమ్మా. నేనే బాగాలేను. వారం దినాల నుంచి సరిగ నిద్ర లేదు. నిన్న ఒక తప్పు చేసిన. ఇయ్యాల నడిపితే ఇంకోటి చేస్తనేమో అని భయంగ ఉంది. అందుకే నడపనన్న."

పున్నమ్మ ఉన్న ఒక్క కంటితో ఆమెను చాలాసేపు చూసింది. "మరి నా కన్ను పోతే?" అంది.

మెహర్ ఆసుపత్రి పేరు, ఆపరేషన్ వేళ అడిగి రాసుకుంది.

పున్నమ్మ కొడుకు సాయికిరణ్ వచ్చి గట్టిగా మాట్లాడాడు. మెహర్ అంతా విన్నది. తర్వాత కంపెనీ మేనేజరుకు ఫోన్ చేసి, కారు ఇచ్చేదాకా ఫోన్ పెట్టలేదు. తొమ్మిదింటికి తల్లీకొడుకులు కారులో బయల్దేరారు. పదకొండు గంటల దారి. ఆపరేషన్ మర్నాటికి మారింది.

వారంలో మెహర్‌కు సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. ఆమె ఇచ్చిన అలసట రిపోర్టు కింద వెంకటరామారావు కూడా తన సంగతి రాసి సంతకం పెట్టాడు. అంత సీనియర్ అలా రాస్తాడని కంపెనీవాళ్లు అనుకోలేదు. విచారణ అయ్యేవరకు నాలుగు రోజులు సెలవు తీసుకోమన్నారు. మెహర్ భద్రాచలం వచ్చింది.

రెండో రోజు నేను వాళ్లింటికి వెళ్లాను. జహీదా చాయ్ పెట్టింది. మెహర్ అంతా చెప్పింది, పున్నమ్మ కన్ను దగ్గరకొచ్చేసరికి ఏడ్చింది. నేనేదో ఓదార్పు మాట చెప్పబోయాను. అప్పటిదాకా గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చున్న పాషా గొంతు సవరించుకున్నాడు.

"మేడమ్ కూడా ఉన్నరు కాబట్టి చెప్త బేటా" అన్నాడు. "నువ్వు అప్పుడు ఎనిమిదో తరగతి. రెండో డ్రైవర్ భీమ్లా హైదరాబాద్ పోయిండు, క్యాబ్ నడుపుకుంట అని. చర్ల లైన్‌కు ఎవడొస్తడు? ఆ రోడ్డు, ఆ చెకింగులు. నేనొక్కణ్ణే ఇద్దరి ట్రిప్పులు కొట్టిన. ఓనర్ జబర్దస్తీ చేయలే. నేనే అన్న, బస్సు ఆగితే జనం ఎట్ల పోతరు అని."

"ఆ సంగతి నాకు తెల్వదా అబ్బా" అంది మెహర్.

"విను. దుమ్ముగూడెం దాటినంక బస్సు కాల్వల దిగింది, యాదున్నదా? స్టీరింగ్ ఖరాబైంది అన్న. అందరు నమ్మిన్రు. పాషాభాయ్ లేకుంటే బోల్తా కొట్టేది అన్నరు. దండ గూడ ఏసిన్రు." ఆయన నా వైపు చూడలేదు. "స్టీరింగ్ మంచిగనే ఉండె. నేను నిద్రపోయిన. రెండు సెకన్లో, మూడో."

ఆ రోజు ఆ బస్సులో నేను ఉన్నాను. నా నుదురు ముందు కడ్డీకి తగిలి చిన్న మచ్చ పడింది. స్టీరింగు చెడిపోయిందనే పదిహేడేళ్లుగా నేనూ అందరికీ చెప్పాను. ఆయన్ని మెచ్చుకుంటూ చెప్పాను.

"ఎర్రమ్మ అని ముసలామె చెయ్యి విరిగింది" అన్నాడు పాషా. "దవాఖానాకు నేనే తీస్కపోయిన. సక్కగ అతకలే. తర్వాత కూడా నా బస్సే ఎక్కేది. దిగేటప్పుడు వంకరపోయిన ఆ చేత్తోనే దండం పెట్టేది నాకు. చచ్చిపోయేదాక పెట్టింది. నిజం చెప్పాలె అని ఎన్నిసార్లు అనుకున్ననో. చెప్పలే."

జహీదా చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఉంది. ఈ సంగతి ఆమెకూ తెలియదని అప్పుడర్థమైంది.

"ఆమె కన్ను పోతదో ఉంటదో అల్లాకు తెలుసు" అన్నాడు కూతురితో. "నువ్వు ఆమె ముందర కూసొని నిజం చెప్పినవ్. నాకు గంత ధైర్యం లేకపాయె."

నేను లేచి, ఆయన దగ్గరకు వెళ్లి, "ఫర్వాలేదు పాషాభాయ్" అన్నాను. నిజానికి ఫర్వాలేదో లేదో నాకు తెలియదు. ఇంటికి వచ్చాక అద్దంలో మచ్చ చూసుకున్నాను. కోపం రాలేదు. ఇంతకాలం ఆయన ఒక్కడే ఎలా మోశాడా అనిపించింది.

విచారణలో మెహర్ మీద చర్య ఏమీ తీసుకోలేదు. మెచ్చుకోనూ లేదు. కంపెనీ పెద్దాయన ఒకరు, "అందరూ ఇలా మొదలుపెడితే కంపెనీ మూసుకోవాలి" అన్నాడట. మెహర్ ఆయనకు చెప్పింది: "ఏడు రోజులూ నడుపుతం అని చెప్పి రెండు రోజులు రద్దు చేసుడు ఎందుకు సర్? నాలుగు రోజులే అని ముందే చెప్దాం. ఆ నాలుగు రోజులు తప్పకుండ పోదాం. ఆపరేషన్ ఉన్నోళ్లు దాన్నిబట్టి చూసుకుంటరు." ఆ మాట అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. రెండు నెలలకు ఇంకో కెప్టెన్ వెళ్లిపోయాడు. అప్పుడు వేరే దారి లేక జగదల్‌పూర్ విమానాన్ని వారానికి నాలుగు రోజులు చేశారు. అది తన మాట విని చేసింది కాదని మెహర్ అంటుంది.

ఆపరేషన్ అయిన నెలకు మెహర్ పున్నమ్మకు ఫోన్ చేసింది. కన్ను పూర్తిగా పోలేదు. మనుషులు తెలుస్తారు, అక్షరాలు తెలియవు. ఒకరోజు ముందు చేసి ఉంటే ఇంకా మెరుగ్గా ఉండేదా అంటే, ఉండేదేమో, చెప్పలేమన్నారట డాక్టర్లు.

"కోపం లేదని చెప్పనమ్మా" అంది పున్నమ్మ. "పేపరు చదవబోయినప్పుడల్లా నువ్వే గుర్తొస్తావు. కాకపోతే వచ్చి చెప్పావు. ఆ బోర్డు మీద రాసింది నమ్మి ఊరుకునుంటే ఎవర్ని తిట్టుకోవాలో కూడా తెలిసేది కాదు." తర్వాత మెహర్‌కు పెళ్లయిందా అని అడిగింది. కాలేదంటే, కాసేపు ఆ విషయం మాట్లాడింది.

ఆ చలికాలం ముగిసేలోపే పెద్ద కంపెనీ నుంచి మెహర్‌కు ఉత్తరం వచ్చింది. జెట్ విమానం, హైదరాబాద్‌లోనే ఉద్యోగం. మార్చిలో వెంకటరామారావుకు అరవై ఐదు నిండుతాయి. ఆ వయసు దాటితే ప్రయాణికుల విమానం నడపడానికి చట్టం ఒప్పుకోదు. ఆయన వెళితే ముగ్గురు కెప్టెన్లు కూడా మిగలరు. మెహర్ ఆయన్నే సలహా అడిగింది.

"నన్నడిగితే ఉండమని అంటాను. అందుకే నన్నడక్కు" అన్నాడాయన.

ఆమె ఉండిపోయింది. ఊరి కోసమనో, చిన్న ఊళ్ల ప్రయాణికుల కోసమనో చెప్పుకోదు. పెద్ద కంపెనీకి వెళితే ఇంకో ఐదారేళ్లు కుడి సీటులోనే కూర్చోవాలి. ఇక్కడ పరీక్షలు పాసైతే ఆరు నెలల్లో ఎడమ సీటు. "నా స్వార్థం కూడా ఉంది మేడమ్, లేదంటే అబద్ధం" అంది. ఆరు నెలలన్నది తొమ్మిది నెలలు పట్టింది. మొదటిసారి కెప్టెన్‌గా వెళ్లిన రోజు జహీదా, పాషా ప్రయాణికుల్లో ఉన్నారు. పాషా దారి పొడవునా సీటు చేతిని గట్టిగా పట్టుకునే కూర్చున్నాడని జహీదా నవ్వుతూ చెప్పింది.

అన్నీ చక్కబడ్డాయని కాదు. మెహర్ పక్కన కూర్చుని నేర్చుకున్న ఇద్దరు కో-పైలట్లు అప్పుడే వెళ్లిపోయారు. మూడోవాడు అనిల్‌కుమార్ కూడా వచ్చే నెల వెళుతున్నాడు. మెహర్ కూడా ఎల్లకాలం ఉంటానని అనదు.

ఇప్పుడు నేను భద్రాచలంలో ఆడపిల్లల కాలేజీలో పనిచేస్తున్నాను. మొన్న మెహర్ సెలవుకు వచ్చినప్పుడు పిల్లలతో మాట్లాడమని తీసుకెళ్లాను. మామూలు మాటలయ్యాక రెండో బెంచీలోంచి పద్మప్రియ అనే అమ్మాయి లేచింది.

"మేడమ్, పైలట్లు దొరుకుతలేరని పేపర్ల రాస్తున్నరు. మా పెద్దమ్మ కొడుకుకు లైసెన్స్ వచ్చి రెండేండ్లాయె, ఇంట్లనే ఉన్నడు. గిదేంది మరి?"

క్లాసంతా నవ్వింది. మెహర్ నవ్వలేదు. బల్ల అంచున కూర్చుంది.

"మంచి ప్రశ్న అడిగినవ్. కొరత ఉన్నది ఎడమ సీటుకు. కుడి సీటు కోసం వేలమంది లైన్ల ఉన్నరు. ఆ సీటు నుంచి ఈ సీటుకు రావాలంటే ఏండ్లు పడతయి, పక్కన నేర్పేటోళ్లు కావాలె. నేర్పేటోళ్లు జల్దీ జల్దీ పోతున్నరు. మీ అన్న తప్పేం లేదు. నేను గూడ మూడేండ్లు ఇంట్ల కూసున్న, మీ మేడమ్ వరండాల."

"అంటే మేం గీ లైన్లకు రావద్దంటరా మేడమ్?"

"రావద్దంటలేను. ఖాళీగ కూసునే ఏండ్లు గూడ ఉంటయని తెలుసుకొని రా. ఇంట్లోళ్లకు గూడ ఆ మాట ముందే చెప్పు" అంది మెహర్.

పద్మప్రియ కూర్చోకుండా ఇంకో ప్రశ్న అడిగింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు చేతులెత్తారు. తర్వాతి పీరియడ్ కెమిస్ట్రీ సార్‌ది. ఆయన గుమ్మం దాకా వచ్చి, ఒక నిమిషం విని, లోపలికి వచ్చి చివరి బెంచీలో కూర్చున్నాడు.